నదిని అడిగి దిగాలి

"చెప్పులు విప్పు మావిస్. నీళ్లు చల్లగా ఉన్నాయట," అంది బెరిల్ బస్సు దిగుతూనే.

"అడక్కుండా దిగకూడదు. ఇది ఇక్కడివాళ్ల నది," అంది మావిస్.

"నువ్వూ వాళ్లలాంటిదానివేగా."

"నల్లగా ఉంటే ప్రతి నదీ నాదైపోతుందా? నువ్వు తెల్లగా ఉన్నావు కదా, రాజుగారి కోటలోకి చెప్పకుండా పోతావా?"

వెనకాల దిగుతున్న ఆడవాళ్లు నవ్వారు. మొత్తం పన్నెండు మంది. అందరూ అరవై దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దుకున్నవాళ్లే. ఆ బడిలో పాఠానికి ముందు ఒకరు లేచి, తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఈ నేల మీద ఉన్న నల్లవాళ్లను తలుచుకుంటూ నాలుగు మాటలు చదవాలి. మిగతావాళ్లు గబగబా చదివి కూర్చునేవారు. మావిస్ మాత్రం ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివేది. "మనం వేరేవాళ్ల నేల మీద నిలబడి ఉన్నాం" అన్న చోట ప్రతిసారీ వేలు వెనక్కి జరిపి మళ్లీ చదివేది.

నల్లవాళ్ల పిల్లలను సర్కారు తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయిన రోజులవి. నాలుగేళ్ల వయసులో పోలీసులు ఆమెను బండిలో ఎక్కించి ఆడపిల్లల హోమ్‌లో వేశారు. చదవడం వచ్చాక ఆమె మొదట చదివింది ఆ హోమ్ కాగితాలే. అమ్మ పేరు, ఊరి పేరు ఉండాల్సిన చోట నల్ల సిరా పూసి ఉంది. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా ఆమెది ఒకటే ప్రశ్న.

ఇక్కడా అడిగింది, వాళ్లను నది దగ్గరికి తీసుకెళ్లడానికి వచ్చిన టెగన్ అనే అమ్మాయిని.

"అమ్మా, ఇక్కడ నీళ్లలో ఒక బండ ఉందా? కుక్క కూర్చున్నట్టు ఉంటుంది."

"మొదలెట్టింది. ఇది ఏడో నది," అంది బెరిల్.

"లేదు ఆంటీ. నేను ఇక్కడే పుట్టి పెరిగాను. ఈత కొట్టని చోటు లేదు. బండలేమీ లేవు," అంది టెగన్.

మావిస్ తలూపింది. లేదనే మాట ఆమెకు అలవాటే.

ఆ వెనకే టెగన్ అమ్మమ్మ డల్సీ వస్తోంది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. చేతుల్లో పచ్చి యూకలిప్టస్ కొమ్మలున్నాయి. బండ మాట విని ఆమె నడక ఆగింది.

"నువ్వెవరి మనిషివి?" అంది మావిస్‌ని చూసి.

కొత్తగా కలిసిన నల్లవాళ్లు ఒకరినొకరు మొదట అడిగేది అదే. మావిస్‌కి భయం కూడా ఆ ప్రశ్నంటేనే.

"తెలీదక్కా. చిన్నప్పుడే ఎత్తుకుపోయారు."

డల్సీ వెళ్లి నిప్పు రాజేసి, ఏ చెడూ అంటకుండా కొమ్మలు వేసి పొగ పెట్టింది.

మావిస్ ఆ నాలుగు మాటల కాగితం తీసి చదివింది. రాత్రంతా సాధన చేసినా ఒక్కో మాట కింద వేలు పెట్టే చదివింది. "వేరేవాళ్ల నేల మీద" అన్న చోట డల్సీ ముఖం తిప్పుకుంది. అది మావిస్ చూసింది. ఎక్కడ తప్పు చదివానా అనుకుంది.

తర్వాత డల్సీ స్వాగతంగా ఒక్కొక్కరినీ పిలిచి నది నీళ్లతో నుదురు తడిపింది. "ఈమె మన ఇంటికొచ్చిన చుట్టం. మంచిది. ఏమీ చేయకండి," అని చనిపోయి నదిలో ఉన్న తమ పెద్దవాళ్లకు తన భాషలో చెప్పింది. టెగన్ అర్థం చెబుతోంది. తడిసిన నుదుటితో బెరిల్ మొదటిసారి నోరు మూసుకుంది.

చివరికి మావిస్ వంతు వచ్చింది. ఆమె కళ్లు మూసుకుని తల వంచింది.

చాలాసేపు ఏ తడీ తగల్లేదు. కళ్లు తెరిచేసరికి డల్సీ చేతులు తుడుచుకుంటోంది.

"నీకు లేదు," అంది డల్సీ. "టెగన్, వీళ్లను నీళ్లలోకి తీసుకెళ్లు."

పదకొండు మంది నదిలోకి దిగారు. బెరిల్ రెండుసార్లు వెనక్కి చూసి, "నేనూ ఉండిపోనా?" అంది.

"వెళ్లవే. నీ నుదురు ఆరిపోతుంది," అని పంపేసింది మావిస్. చెప్పులు విప్పకుండానే గట్టు మీద కూలబడింది. ఎవరి మనిషినో చెప్పలేనిదానికి ఎవరు మాత్రం నీళ్లు చల్లుతారు? కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుంది.

కాసేపటికి డల్సీ వచ్చి పక్కన కూర్చుంది. ఒక చేతిలో టీ, ఇంకో చేతిలో బూడిదలో కాల్చిన రొట్టె ముక్క.

"తిను."

"ఆకలి లేదు."

"పెంకితనం బాగానే ఉంది," అంది డల్సీ. రొట్టె ఆమె ఒళ్లో పెట్టింది. "ఆ కుక్క బండ సంగతి చెప్పు."

"లేదన్నారుగా."

"అడిగింది చెప్పు."

మావిస్ నీళ్ల వైపు చూసింది. "అమ్మ నన్ను చంకన వేసుకుని నీళ్లలో నిలబడేది. నేను పడిపోకుండా కుక్క చెవి పట్టుకునేదాన్ని. అంతే గుర్తు. అమ్మ ముఖం కూడా గుర్తులేదు."

"ఏ చెవి?"

"దానికి ఉన్నది ఒకటే చెవి."

డల్సీ చేతిలో టీ ఒలికింది. ఆమె తుడుచుకోలేదు.

"టెగన్ పుట్టకముందు సంగతి," అంది. "అరవై ఏళ్ల కిందట దిగువన ఆనకట్ట కట్టారు. బండ మునిగిపోయింది. దాని రెండో చెవి విరగ్గొట్టింది మా అన్నే. బయటివాళ్లెవరికీ తెలీదు ఆ మాట."

మావిస్ ఆమె వైపు తిరిగింది.

"మరి అందరికీ స్వాగతం చెప్పి, నాకెందుకు చెప్పలేదక్కా?"

డల్సీ కిందికి వంగింది. మావిస్ చెప్పులు ఒక్కొక్కటే తన చేత్తో విప్పి పక్కన పెట్టింది.

"స్వాగతం పరాయివాళ్లకే, చెల్లీ."