నలభై వాట్లు

దొంగ రీడింగులు పట్టుకోవడమే నా ఉద్యోగం. ఇళ్ళ కరెంటు స్మార్ట్ మీటర్లలోకి ఎవడైనా చొరబడితే కంట్రోల్ రూములో కూర్చున్న నాకే ముందు తెలియాలి.

ఆ రాత్రి పదింటికి మా మేనత్త ఇంటి మీటరు నలభై వాట్లు చూపించింది. అది వాకిట్లో బల్బు. నేను డ్యూటీ దిగి వచ్చేదాకా అత్త దాన్ని ఆర్పేది కాదు. "చీకట్లో తడుముకుంటూ రావడం దేనికే, దొరసానీ" అనేది.

అత్త పోయి ఆర్నెల్లయింది. కరెంటు కట్ చేయించి, మీటరు విప్పించిందీ నేనే.

ఎవడో హ్యాకర్ నాతో ఆటలాడుతున్నాడు. ఒళ్ళు మండి లైన్‌మన్‌ని పంపాను. అతను అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు.

"మీటరు లేదు మేడమ్. వైరూ లేదు." గేటు తీసిన చప్పుడైంది. "బల్బు మాత్రం వెలుగుతోంది."

భయం వేయాలి. నాకు ఏడుపొచ్చింది. గదిలో ఎవరూ లేరు కదా అని స్క్రీనుతోనే చెప్పాను.

"అత్తా, నేనిప్పుడు అక్కడ ఉండటం లేదే. వేరే ఇంటికి మారాను. ఇంక పడుకో."

నలభై కాస్తా సున్నా అయింది.

గీజరు ఆపడం మర్చిపోయే అలవాటు నాది. అందుకే నా కొత్త ఇంటి మీటరుని ఎప్పుడూ స్క్రీను మూలన పెట్టుకుంటాను. కళ్ళు తుడుచుకునేలోపు అది కదిలింది.

నలభై వాట్లు.

తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. ఆ వాకిట్లో నేనింకా బల్బు పెట్టించనే లేదు.