మైకు ఖరాబ్ కాలేదు

కోఠిలో పాత స్టూడియో సామాను బాగుచేసే నజీర్ దగ్గరికి డబ్బింగ్ కళాకారుడు సుదర్శనం ఒక సెకండ్‌హ్యాండ్ మైకు తెచ్చాడు. నజీర్ మాట్లాడితే స్పీకరు పలికింది. సుదర్శనం మాట్లాడితే మూగబోయింది. వైర్లన్నీ మార్చినా అంతే.

"మీ గొంతు ఏ కంపెనీకన్నా రాసిచ్చిన్రా సార్?"

"పోయిన ఏడాది. సినిమాలకే అన్నారు."

"మైకు ఖరాబ్ కాలే. ఇప్పటి మైకులు గొంతు ఎవరిదో చూస్తయి. మీ గొంతు కంపెనీదైంది, మీరు మాట్లాడితే ఆపేస్తయి."

సుదర్శనం జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. "నిన్న మా ఆవిడకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, అవతలివాళ్ళు హలో, హలో అని పెట్టేశారు. పక్కింటామె చేశాకే వచ్చింది."

నజీర్ మైకు తిరిగిచ్చాడు. ఏమన్నా అవసరమైతే ఫోన్ చెయ్యండి అనబోయి, ఆగిపోయాడు.