దాపటి తీగ

తీగలు ఎవరు కలిపారో ఎవరికీ పట్టదు. మీట ఎవరి చేతిలో ఉంటే ఫొటో వాళ్లదే. గద్వాల కాలేజీ రోబో జట్టులో చేరి స్వరూప నేర్చుకున్న మొదటి పాఠం ఇది. రెండో పాఠం, పగబట్టిన మనిషికి ఓపిక దానంతటదే వస్తుంది.

ఆ రోబోను చేసింది ఆమె. 2006లో, నాలుగు నెలల పాటు, రోజూ క్లాసులయ్యాక కూర్చొని చేసింది. పాత సామాన్ల బాబా దుకాణమంతా గాలించి రెండు జీపు వైపర్ మోటార్లు తెచ్చింది. నూనె మరకలు పడి, ఆమెకున్న రెండు చుడీదార్లూ పాడయ్యాయి. రోబో బండిని ఎడమకు తిప్పే తీగకు "దాపట" అని, కుడికి తిప్పే తీగకు "ఎలపట" అని చీటీలు అంటించింది. మానవపాడులో వాళ్ల నాన్న మల్లన్న అరక కడితే ఎడమ పక్కది దాపటెద్దు, కుడి పక్కది ఎలపటెద్దు. నిద్రలో లేపి అడిగినా ఆమెకు ఆ మాటలు తడబడవు.

జట్టు నాయకుడు జగదీశ్ ఆ చీటీలు చూసి పడీపడీ నవ్వాడు. రోబోకు కొమ్ములు కూడా పెట్టమన్నాడు.

పోటీ వనపర్తిలో. నాగర్‌కర్నూల్ కాలేజీ కూడా వస్తుంది. గెలిచిన జట్టు హైదరాబాద్ పోతుంది. పేర్లు పంపే రోజు జగదీశ్ సారు దగ్గరికి పోయి, స్వరూపను ఇంట్లో అంత దూరం పంపరట అని చెప్పాడు. పచ్చి అబద్ధం. సారు ఆమెను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. పేరు కొట్టేసి, స్క్రూడ్రైవర్ ఎటు తిప్పాలో తెలియని గోవిందు పేరు రాశాడు. పైగా జాలిపడి, వనపర్తి దాకా వచ్చి అన్నం పొట్లాలు పంచమన్నాడు.

"వస్త సార్" అంది స్వరూప. నవ్వుతూనే అంది.

పోటీ రోజు పొద్దున రోబోను చూసి ఆమె పళ్లు కొరికింది. బండిని తిప్పే మీటలను ఆమె బిగించింది తన పేరు గీసి ఉన్న స్టీలు డబ్బాకు కదా. ఇప్పుడది లేదు. మెరిసే కొత్త ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. చీటీలూ పీకేశారు. పేరు కాదు కదా, ఆనవాలు కూడా ఉంచలేదు. వీడి పరువు మూడు ఊళ్ల ముందు తీయకపోతే తన పేరు స్వరూపే కాదనుకుంది.

జగదీశ్ ముఖంలో మాత్రం కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. రెండుసార్లు ఆమె దగ్గరికి వచ్చాడు.

"స్వరూపా, జర ఒక మాట..."

"పొట్లాలు ఇంక రాలే" అని ముఖం తిప్పుకుంది. జనాన్ని చూసి వణుకుతున్నాడనుకుంది. వణకనీ. ముందుంది ముసళ్ల పండుగ.

మధ్యాహ్నం అందరూ వరండాలో పులిహోర ముందు కూర్చున్నారు. మంచినీళ్లు తెస్తానని చెప్పి ఆమె రోబో ఉన్న గదిలోకి పోయింది. డబ్బా మూతకు నాలుగు స్క్రూలు. ఎడమ మీట కింది తీగను కుడి మీటకు, కుడి దాన్ని ఎడమకు మార్చి కలిపింది. మూత బిగించింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇక ఎడమ మీట నొక్కితే బండి కుడికి పోతుంది. నీళ్ల బిందె తెచ్చి అందరికీ తనే గ్లాసుల్లో పోసింది. జగదీశ్‌కు రెండోసారి కూడా పోసింది.

పోటీలో మొదటి మలుపే ఎడమకు. తప్పిందా, బండి కుడి పక్క ఇసుకలో పడుతుంది. స్వరూప ముందు వరుసలో కూర్చుంది. జగదీశ్ కళ్లు మూసుకొని బీచుపల్లి ఆంజనేయుడికి మొక్కుకున్నాడు. ఎడమ మీట నొక్కాడు.

బండి చక్కగా ఎడమకు తిరిగింది.

స్వరూప కుర్చీలోంచి సగం లేచింది. తర్వాతి మలుపు కుడికి. అదీ తప్పలేదు. దారిలో పెట్టిన చెక్కముక్కలన్నీ ఏరి బుట్టలో వేసి బండి వెనక్కి వచ్చింది. చప్పట్లు ఆగలేదు. ఫస్ట్ ప్రైజ్ గద్వాలకే అన్నారు. జగదీశ్ మెడలో దండ పడింది.

ఎవరు చూశారు? ఎవరు మళ్లీ మార్చారు? ఆమెకు అంతు పట్టలేదు. గోవిందు వల్ల అయ్యే పని కాదు. సారు పులిహోర ముందు నుంచి లేవనే లేదు.

దండతో మెట్లు దిగుతూ జగదీశ్ గోవిందు చెవిలో చెప్పిన మాట పక్కనే ఉన్న ఆమెకు వినబడింది: "నిన్న కొత్త డబ్బకు మార్చేటప్పుడు దాపట అంటే కుడి అనుకొని తీగలు తారుమారు కలిపిన రా, పొద్దుగాల నుంచి ఎడమ నొక్కితే కుడికే పోతుండె, మల్ల మూత ఇప్పుదమంటే భయమాయె, బువ్వ తినొచ్చి నొక్కి చూసేసరికి ఏ దేవుడు సక్కజేసిండో తెల్వదు."