పడవ అడుగున మూడు దెబ్బలు

నీళ్లలో తలకిందులుగా వేలాడుతూ, ముక్కు నిండా నీళ్లు పోయించుకుంటూ, బన్ను తన పడవ అడుగున అరచేత్తో మూడుసార్లు కొట్టాడు. ‘నావల్ల కాదు, రండి’ అని దానర్థం.

ఇంకో కయాక్ వచ్చి పక్కన ఆనుకుంది. నీళ్లలోకి ఒక చెయ్యి దిగి, అతని చేతిని వెతికి పట్టుకుని, రెండు పడవల మీదా అడ్డంగా పెట్టిన తెడ్డు మీద ఉంచింది. దాన్ని ఆసరా చేసుకుని అతను పైకి లేచాడు.

“తల ముందు లేపుతున్నారు,” అంది ఎక్స్‌రే మేడం. “నడుము ముందు. తల ఆఖర్న.”

“ఆఖర్న,” అన్నాడు బన్ను, ఆ ముక్క జన్మలో మొదటిసారి విన్నట్టు.

ఆ స్విమ్మింగ్ పూల్‌లో కోచ్ ఎవరినీ అసలు పేరుతో పిలవడు. అతను బేకరీలో చేస్తాడు కాబట్టి బన్ను. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది కాబట్టి ఎక్స్‌రే మేడం. బోల్తా పడ్డ కయాక్‌ని, అందులోంచి బయటికి రాకుండానే, నడుము విసురుతో మళ్లీ పైకి తిప్పడాన్ని రోల్ అంటారు. బ్యాచ్‌లో అందరికీ వచ్చేసింది, బన్నుకు తప్ప. అతను తాగేసిన నీళ్లకు పూల్ మట్టం తగ్గిందనీ, పైవాళ్లు సంజాయిషీ అడుగుతున్నారనీ కోచ్ చెప్పేవాడు. నవ్వకుండా చెప్పేవాడు కాబట్టి కొందరు నమ్మారు కూడా.

నిజానికి బన్నుకు రోల్ ఎప్పుడో వచ్చేసింది. ఒకరోజు పొరపాటున లేవబోయి, సగంలో సంగతి గ్రహించి, మర్యాదగా మళ్లీ మునిగిపోయాడు. అప్పటినుంచీ అతని కష్టమంతా లేవకుండా ఉండటానికే. లేస్తే ఆ చెయ్యి రాదు. రోజు మొత్తంలో అతన్ని తాకే మనిషి చెయ్యి అదొక్కటే.

అలాగని అతనికి పెళ్లి కాలేదని కాదు. భార్య ఉందనడానికి ఇంట్లో గట్టి ఆధారాలే ఉన్నాయి. పొయ్యి మీద ఇంకా వెచ్చగా ఉండే గిన్నె, తీగ మీద తడి టవలు, అప్పుడప్పుడు దిండు మీద ఒక పొడుగాటి వెంట్రుక. ఇంతకంటే తక్కువ ఆధారాలతో తవ్వకాలవాళ్లు నాగరికతలనే నిరూపించారు. అతను పొద్దున ఇల్లు చేరేసరికి ఆమె ఉద్యోగానికి వెళ్లిపోయి ఉంటుంది. ఆమె ఇల్లు చేరేసరికి అతను ఓవెన్ ముందుంటాడు. ఇంకో బేకరు చెప్పాపెట్టకుండా మానేశాక అతనికి సెలవు కూడా లేదు. ఇంటికి రెండే తాళంచెవులు. ఒకటి అతని దగ్గర. రెండోదానికి గుర్తుగా ఎర్ర ఊలు దారం కట్టుకుని భార్య తన దగ్గర ఉంచుకుంది. ఆ రెండూ ఒక మేకుకు వేలాడి ఎన్నాళ్లయిందో మేకుకే తెలియాలి.

బన్ను సెంటు రాసుకుని పూల్‌కి వెళ్తున్నాడని బేకరీలో పిండి కలిపేవాడు ముందే పసిగట్టాడు.

“అన్నా, వదినకు తెలిస్తే?”

“వదిన కనిపిస్తే నేను అడిగానని చెప్పు,” అన్నాడు బన్ను, ట్రే లోపలికి తోస్తూ.

ఇవాళ పూల్‌లో ఆ బ్యాచ్‌కి ఆఖరి రోజు. కోచ్ తేల్చి చెప్పేశాడు. బన్ను లేస్తే మిగతావాళ్లతో పాటు నదికి వెళ్లాలి. లేవకపోతే పొద్దుటి పూట పిల్లల బ్యాచ్‌లో చేరాలి. ఎక్స్‌రే మేడం నదికి రానని ముందే చెప్పేసింది. ఎటు తిప్పినా ఆ చెయ్యికి ఇదే ఆఖరి సాయంత్రం.

అందుకే ఇంకోసారి బోల్తా కొట్టాడు. పడవ అడుగున కొట్టాడు, మూడుసార్లు. చెయ్యి చాచి ఉంచాడు.

ఎవరూ రాలేదు.

మళ్లీ కొట్టాడు. ఊపిరితిత్తులు వేరే యజమానిని వెతుక్కునే ఆలోచనలో పడ్డాయి. అతనింకా ఆగుదామనే అనుకున్నాడు. నడుము మాట వినలేదు. తెడ్డు తిరిగింది, పడవ లేచింది, ఆఖర్న తల లేచింది. పూల్ మొత్తం చప్పట్లు. కోచ్ విజిల్ అదేపనిగా మోగింది. ఏడుపుమొహం ఒక్క బన్నుదే.

ఆమె పడవ పక్కనే ఉంది. తెడ్డు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

అందరూ వెళ్లిపోయాక గేటు దగ్గర అడిగాడు. “ఎందుకు రాలేదు?”

“మీకు వచ్చని తెలుసు.”

“ఎలా?”

“లోపల ఏముందో చూడటమే కదా నా పని.” ఆమె తడిజుట్టు పిండుకుంది. “రేపటినుంచి ఇక్కడికి రాను. ఇంకెవరో వచ్చి మీ చెయ్యి పట్టుకోవడం నాకిష్టం లేదు.”

బన్ను గొంతు ఆరిపోయింది. పూల్ సగం తాగినవాడికి అది వింతే. “మరి నాకు కనిపించేదెలా?”

“ఇవాళ్టినుంచే రాత్రి డ్యూటీ వేయించుకున్నాను. బతిమాలి, గొడవపడి. ఇక పగలంతా ఖాళీనే.” ఆమె బ్యాగులో వెతికి ఒక తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టింది. అదే చెయ్యి, ఈసారి నీళ్లు లేకుండా. “ఇది మీ దగ్గరుంచండి. రేపు పొద్దున తలుపు నేను కొడతాను, మూడుసార్లు. నాలాగా ఆలస్యం చెయ్యకండి.”

అతను గుప్పిట విప్పి చూసుకున్నాడు.

దానికి ఎర్ర ఊలు దారం కట్టి ఉంది.