తక్కువొచ్చిన ముక్క

“ఇంకో ముక్క కూడా తక్కువొచ్చింది టీచరమ్మా!” గుమ్మంలో నిలబడే అన్నాడు నరేంద్రబాబు. చంకలో చెక్క బొమ్మ పెట్టె.

ఎలిశబెతు ఉలిక్కిపడింది. రిటైరైన సైన్సు టీచరు. అల్లూరులో ఒక్కతే ఉంటుంది. మైక్రోస్కోపులో కనిపించే వాటిని పల్చటి చెక్క మీద గీసి, రంగులేసి, సన్న రంపంతో ముక్కలు కోసి అమ్ముతుంది. కొన్నవాళ్లు పేర్చుకుంటే మళ్లీ బొమ్మవుతుంది. పోయిన ఆదివారమే ఇతను ఒక ముక్క లేదని వచ్చి, ఆ ముక్క పట్టుకెళ్లాడు.

“సరిగ్గా చూసినావా నాయనా? మంచం కిందికి పోయిందేమో!”

“రూమంతా ఊడ్చినానమ్మా. నేనొక్కడినే ఉండేది, ఇంకెవరు తీస్తారు?”

ఆమె అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత బల్ల మీద సామానంతా పక్కకు జరిపింది.

“ఏ ముక్కో తెలియాలంటే మొత్తం పేర్చాల్సిందే. కూర్చో.”

నూట ఇరవై ముక్కలు. గుండ్రటి నీటినాచు కణం, నడిమి నుంచి అంచుదాకా చుక్కల ముగ్గులా ఉంటుంది. ఇద్దరూ చెరోవైపు నుంచి పేర్చుకొచ్చారు.

“ల్యాబులో రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసేటప్పుడు రోజూ చూస్తానే ఉంటా దీన్ని,” అన్నాడు. “ఇంత అందంగా ఉంటాదని మీరు గీసినాకే తెలిసింది.”

“ల్యాబులో ఎంతమంది మీరు?”

“నేనూ, మైక్రోస్కోపూ.”

ఆమె ఫక్కున నవ్వింది. టీ పెట్టింది. అతను వద్దంటున్నా ఉప్మా కలియబెట్టింది. అతను రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. పొద్దు వాలేసరికి బొమ్మ పూర్తయింది, అంచున ఒక్క కంత తప్ప. ఆమె ఆ కంత మీద కాగితం పెట్టి గీత తీసుకుని, కొత్త ముక్క కోసి, రంగేసి ఇచ్చింది. అచ్చంగా సరిపోయింది.

“మీకు శ్రమ ఇచ్చినాను,” అన్నాడతను, తల ఎత్తకుండా.

“శ్రమేముంది? ఇంకేమైనా తక్కువొస్తే మొహమాటపడకుండా రా నాయనా.”

“వస్తాలేమ్మా.”

బండి చప్పుడు దూరమయ్యేదాకా ఆమె గేటు దగ్గరే నిలబడింది. నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి.

ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారని ఎలిశబెతు ప్రతి పెట్టెలోంచీ తీసి దాచేది ఒక్క ముక్కే. నరేంద్రబాబు పెట్టెలోది పోయిన ఆదివారమే ఇచ్చేసింది.