కోపం దిగేదాకా

"కూర్చో! వజ్దీ, కూర్చోరా నాయనా!"

గట్టు మీంచి మబ్రూకా పెట్టిన కేకకు మైదానమంతా ఇటు తిరిగింది. రేవువాడ జట్టు పిల్లాడి కాలరు పట్టుకుని పిడికిలెత్తిన వజ్దీ, పళ్ళు నూరుతూనే వాణ్ణి వదిలేసి దుమ్ములో చతికిలబడ్డాడు. జేబులోకి పోయిన రిఫరీ చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది.

మబ్రూకా గుండె చిక్కబట్టుకుంది. ఇంకొక్క ఎర్ర కార్డు పడితే పదమూడేళ్ళ కొడుకు పేరు జట్టులోంచి కొట్టేస్తారు. ఆట పోతే వీధి, వీధిలోంచి ఠాణా, ఠాణాలోంచి జైలు. ఆమె ఆలోచన ఎటు బయల్దేరినా అక్కడికే చేరేది.

నిలబడి ఉండగా కోపమొస్తే కూర్చో, అప్పటికీ తగ్గకపోతే పడుకో అని ప్రవక్త నబీ చెప్పిన మాటను నెల రోజులుగా ముద్ద ముద్దకీ కొడుక్కి నూరిపోసింది. కోచ్ సీ లజ్‌హర్‌కి అది నచ్చి జట్టంతటికీ నియమంగా పెట్టేశాడు. కూర్చున్నవాడి దగ్గరికి ఎవరూ పోకూడదు. కదిలిస్తే మళ్ళీ రాజుకుంటుంది.

కాసేపటికి వజ్దీ లేచి, నిక్కరు దులుపుకుని, బంతి వెంట పడ్డాడు.

"మీవాడు బంతాటకొచ్చాడా, నమాజుకొచ్చాడా?" పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ పక్కింటి జాజియా దెప్పింది.

"నీ కొడుకులా పళ్ళు రాలగొట్టించుకోవడం లేదుగా! నీకెందుకే ఏడుపు?"

ఇంకో పది నిమిషాల్లో ఆట అయిపోతుందనగా, వజ్దీ బంతితో ఆ చివరికంటా దూసుకుపోయాడు. ఇందాకటి పిల్లాడే వెనకనుంచి జారుకుంటూ వచ్చి రెండు కాళ్ళతో తన్నాడు. రేగిన దుమ్ములో రిఫరీకి ఏమీ కనపడలేదు. బంతి ఇవతలి గోలు వైపు పోయింది, పిల్లలంతా దాని వెంటే పోయారు.

వజ్దీ సగం లేచి, మళ్ళీ కూర్చుండిపోయాడు. పళ్ళు బిగబట్టి, పిడికిళ్ళతో నేలను గుద్దాడు.

"చూశావుటే! నేను అరవకముందే కూర్చున్నాడు!" మబ్రూకా జాజియా భుజం పట్టి ఊపేసింది.

వజ్దీ మెల్లగా వెనక్కి వాలి, వెల్లకిలా పడుకున్నాడు.

"బాగా మండినట్టుందిరోయ్!" అన్నాడొకడు గట్టు మీద.

"నబీ మీద సలాం పంపించు బాబూ!" అంటూ, కోపమొచ్చినవాణ్ణి చల్లార్చే ఆ మాటను నలుగురూ అందుకున్నారు. చప్పట్లు మోగాయి. దగ్గరికి పోబోయిన ఒక పిల్లాణ్ణి సీ లజ్‌హర్ కసిరాడు. "ఏయ్, వాడి జోలికి పోకు! ఆటా వాడిదే, కోపమూ వాడిదే. దిగనీ."

"అవును, దిగనీయండి," అంది మబ్రూకా గర్వంగా. కొడుకు పుట్టాక మొదటిసారి, ఆ పది నిమిషాలూ ఆమెకు ఏ భయమూ కలగలేదు.

ఆఖరి ఈల పడ్డాక అందరికంటే ముందు మైదానం దాటుకుని పోయి, కొడుకు పక్కన మోకాళ్ళ మీద కూలబడి, నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది.

"దిగిందా, నా తండ్రీ?"

వజ్దీ పెదాలు సున్నంలా ఉన్నాయి.

"నాకసలు కోపం రాలేదమ్మా. కాలు విరిగింది. ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నా."