నల్లబిళ్ళ దొంగతనం

జగదీశ్వరరావు మాస్టారు యాభై ఏళ్ళ వయసులో మొదటిసారి దొంగతనం చేశాడు. విశాఖపట్నంలో స్నేహితుడి ల్యాబుకి వెళ్ళి, ఆయన టీ చెప్పడానికి లేచినంతలో బీరువాలోని నల్లబిళ్ళ ఒకటి రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. అనకాపల్లిలో బస్సు దిగేదాకా ఆ జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.

చూడ్డానికి క్యారమ్స్ కాయంత బిళ్ళ. పొడులు కలిపి, నొక్కి, ఫర్నేసులో కాల్చి చేస్తారు. ద్రవ నైట్రోజన్ పోసి చల్లబరిస్తే అందులో కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పారుతుంది. పైన అయస్కాంతం పెడితే గాల్లో నిలబడిపోతుంది. అంటే బిళ్ళ సరిగ్గా కుదిరితేనే. మాస్టారు తన కాలేజీలో రెండేళ్ళు తంటాలుపడి పదిహేడు చేశాడు. కొన్ని పగిలాయి, కొన్ని ఆకుపచ్చగా మిగిలాయి. ఒక్కటీ అయస్కాంతాన్ని వెంట్రుకవాసి లేపలేదు.

సోమవారం ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. వాళ్ళ ముందు అయస్కాంతం లేవకపోతే ల్యాబు మూత. ఫర్నేసు చూసుకునే భీమన్న ఉద్యోగమూ దాంతోనే పోతుంది. కె. కోటపాడులో బెల్లం వండుకునే మనిషిని తీసుకొచ్చి ఇక్కడ పెట్టింది మాస్టారే.

శుక్రవారం పద్దెనిమిదో బిళ్ళ ఇంకా ఫర్నేసులో ఉండగానే ఆయనకి ఆశ చచ్చిపోయింది. స్విచ్చి కట్టేసి ఇంటికి పొమ్మని భీమన్నకి చెప్పి విశాఖ బస్సెక్కాడు. ఆదివారం తిరిగొచ్చి, రుమాల్లోది అతని చేతిలో పెట్టి, తుడిచి డబ్బాలో ఉంచమన్నాడు.

"ఇది మనదేనా మాస్టారూ?"

"మనదే," అన్నాడు మాస్టారు, గోడకేసి చూస్తూ.

సోమవారం, పశువుల ఆసుపత్రిలో అడిగి తెచ్చిన క్యానులోంచి భీమన్న థర్మకోల్ గిన్నెలోకి నైట్రోజన్ వొంపాడు. పొగలు కమ్మేశాయి. మాస్టారు అయస్కాంతం వదిలాడు. అది బిళ్ళ మీద అర అంగుళం ఎత్తున ఆగిపోయింది. కమిటీ పెద్దాయన సందులోంచి కాగితం దూర్చి చూశాడు, గోటితో తట్టి గిరగిరా తిప్పాడు. మాస్టారిని కౌగలించుకుని, ల్యాబు ఇంకో మూడేళ్ళు నడపమని సంతకం పెట్టి, అందరితో కలిసి క్యాంటీనుకి నడిచాడు.

మాస్టారు మాత్రం కదల్లేదు. ఆ కౌగిలింత వీపు మీద కాలుతున్నట్టే ఉంది. గుమ్మం వైపు నడిచాడు.

"భీమన్నా, ఆ బిళ్ళ మనది కాదయ్యా. దొంగిలించుకొచ్చాను. వెళ్ళి వాళ్ళకి చెప్పేస్తాను. నీ ఉద్యోగం పోతుంది, నన్ను తిట్టుకోకు."

భీమన్న గుమ్మానికి అడ్డంగా నిలబడి తల గోక్కున్నాడు.

"ఆగండి మాస్టారూ, నాదీ ఓ తప్పుంది. శుక్రవారం మీరు స్విచ్చి కట్టీమన్నారు గానీ నాకు మనసొప్పలేదు. బెల్లం పొయ్యి కాడలాగ వేడి రవ్వరవ్వ తగ్గించుకుంటా మూడ్రోజులు కూకున్నాను."

"అయితే ఏటి?" అన్నాడు మాస్టారు విసుగ్గా. "కమిటీని మోసం చేసింది నేను."

"మీరు తెచ్చిన బిళ్ళ తుడుత్తుంటే నిన్ననే సెయ్యి జారి నాలుగు ముక్కలైపోనాది మాస్టారూ, ఇందాక అయస్కాంతాన్ని లేపింది మన పద్దెనిమిదోదే."